పాత ఆల్బమ్‌ల పునర్ముద్రణలు: మోనో కొనాలా, స్టీరియో కొనాలా?

1960ల నాటి ఆల్బమ్ ఒకటి మోనో (శబ్దమంతా ఒకే చానెల్‌లో), స్టీరియో (ఎడమ, కుడి రెండు చానెళ్లలో) రెండు రూపాల్లోనూ వినైల్ రికార్డు మీద మళ్లీ వెలువడినప్పుడు, ఇంట్లో రెండు స్పీకర్లున్నాయి కాబట్టి స్టీరియోయే మేలని తేల్చేసుకోవడం తొందరపాటు. సంగీతం చేసినవారు దగ్గర కూర్చుని తీర్చిదిద్దిన మిక్స్, అంటే గాత్రాలనూ వాద్యాలనూ కలిపి కూర్చిన తుది రూపం, ఏదో ముందుగా కనుక్కోవాలి.

ఇంగ్లండు రాక్ బృందం బీటిల్స్ రికార్డులనే చూడండి. 1963 నాటి వారి తొలి ఆల్బమ్‌ను రెండు ట్రాకుల టేపు మీద రికార్డు చేయడం వల్ల, స్టీరియో ప్రతిలో గాత్రాలు ఒక స్పీకరులోనూ వాద్యాలు మరొక దానిలోనూ విడిపోయి వినబడతాయి. హెడ్‌ఫోన్లలోనైతే మరీ ఎబ్బెట్టు. 1967లో వచ్చిన ‘సార్జంట్ పెప్పర్స్’ మోనో మిక్స్ మీద బృందమే శ్రద్ధ పెట్టగా, స్టీరియో మిక్స్ వాళ్లు లేకుండా తక్కువ సమయంలో పూర్తయింది. అందులోని ‘షీ ఈజ్ లీవింగ్ హోమ్’ అప్పటి స్టీరియోలో కంటే మోనోలో వేగంగా, హెచ్చు శ్రుతిలో సాగుతుంది. ఈ ఆల్బమ్ విషయంలో నా ఓటు మోనోకే. 1969 నాటి ‘ఆబీ రోడ్’ దగ్గరికి వచ్చేసరికి ఈ ప్రశ్నే ఉండదు, అది స్టీరియోలోనే విడుదలైంది.

మోనో అని రాసి ఉన్నదల్లా ప్రత్యేకమైన మిక్స్ కాదు. స్టీరియోలోని రెండు చానెళ్లను కలిపేసి మోనోగా అమ్మిన సందర్భాలున్నాయి. వాటికి అదనంగా డబ్బు పెట్టనక్కర్లేదు. దీనికి తలకిందులు ‘డ్యుయోఫోనిక్’ వంటి కృత్రిమ స్టీరియో, అంటే మోనో శబ్దాన్నే కాస్త మార్చి రెండు చానెళ్లుగా చూపించడం. దాన్ని నిస్సంకోచంగా వదిలేయండి. అమెరికన్ బృందం బీచ్ బాయ్స్ 1966లో మోనోలో చేసిన ‘పెట్ సౌండ్స్’ మొదట్లో మోనోతో పాటు ఇలాంటి కృత్రిమ స్టీరియోగానూ అమ్ముడైంది, అసలైన స్టీరియో మిక్స్ 1990లలో గాని రాలేదు.

రికార్డు ఏ మూలం నుంచి తయారైందో అట్ట మీద చదవాలి కూడా: బీటిల్స్ 2012 స్టీరియో ఎల్పీలు డిజిటల్ మాస్టర్ల (తుది మూల ప్రతుల) నుంచి, 2014 మోనో ఎల్పీలు అనలాగ్ టేపుల నుంచి కట్ చేసినవి.

మోనో రికార్డు కోసం కొత్త పరికరాలు అవసరం లేదు, మామూలు స్టీరియో కార్ట్రిడ్జ్‌తోనే (ముల్లు అమర్చి ఉండే భాగం) అది చక్కగా మోగుతుంది. యాంప్లిఫయరుకు మోనో స్విచ్ ఉంటే వేయండి, ముల్లు పైకీ కిందికీ కదలడం వల్ల పుట్టే చిటపటలు చాలావరకు తగ్గుతాయి.