మ్యూజియం నిర్వహణ, నైతిక బాధ్యతలు – 4వ పాఠం: వస్తువు తీసుకునే ముందు దాని కాగితాలు చదవడం

పోయిన పాఠంలో కొత్త వస్తువును రిజిస్టర్‌లో ఎక్కించడం నేర్చుకున్నాం. నిజానికి అంతకంటే ముందు తేల్చుకోవాల్సింది ఒకటుంది: అసలు ఆ వస్తువును మనం తీసుకోవచ్చా? ఒకసారి రిజిస్టర్‌కెక్కాక తీసేయడం పెద్ద తతంగం, దాని సంగతి ఆరో పాఠంలో చూద్దాం. అమ్మేవాళ్ళో దాతలో తెచ్చిన కాగితాలను ఎలా చదవాలన్నదే ఇవాళ్టి పని.

ఒక తెల్ల కాగితం మీద నిలువుగా గీత గీయండి. పై కొసన వస్తువు తయారైన చోటు లేదా తవ్వకంలో బయటపడ్డ చోటు, కింది కొసన ఇవాళ్టి తేదీ రాయండి. మధ్యలో అది ఎవరి దగ్గర, ఎప్పటినుంచి ఎప్పటిదాకా ఉందో నింపుతూ రండి. చేతులు మారిన ప్రతిచోటా పక్కన ఆధారం రాయాలి: రసీదు, వేలం కేటలాగు, పాత ఫొటో, వీలునామా, ఎగుమతి అనుమతి. ఆధారం ఏదీ లేకపోతే ‘చెప్పారు’ అని మాత్రమే రాయండి. ‘ఒక పాత యూరోపియన్ సేకరణ నుంచి’ అన్న మాట కనిపిస్తే ఆ చోటు ఖాళీ కిందే లెక్క. ఎవరి సేకరణో, పేరు ఎందుకు దాచారో అడగాలి.

గీత మీద రెండు కాలాల దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగండి. మొదటిది 1933 నుంచి 1945 దాకా. ఆ రోజుల్లో యూరప్‌లో నాజీలు లాక్కున్న, భయపెట్టి కారుచౌకగా అమ్మించిన కళాఖండాలు లెక్కలేనన్ని. రెండోది 1970. సాంస్కృతిక సంపద అక్రమ రవాణాను అడ్డుకునే యునెస్కో ఒప్పందం ఆ ఏడాది నవంబర్‌లో వచ్చింది. చాలా మ్యూజియంలు ఆ ఏడాదినే హద్దుగా పెట్టుకున్నాయి. అలాగని 1970కి ముందు బయటికొచ్చిందంటే చాలు, అంతా సక్రమమే అనుకోకండి. ఇటలీలో పురావస్తువుల ఎగుమతి మీద 1909 నుంచే గట్టి చట్టం ఉంది. ప్రతి దేశం చట్టాన్నీ విడిగా చూడాల్సిందే.

కాగితాలు ఉన్నంత మాత్రాన పని అయిపోదు. న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియం 2017లో నెజెమాంక్ అనే ఈజిప్టు పూజారి బంగారు పూత శవపేటికను దాదాపు 40 లక్షల డాలర్లకు కొంది. దాంతోపాటు 1971 మే నాటి ఈజిప్టు ఎగుమతి అనుమతి కూడా ఉంది. దాని మీద ముద్రలో ‘అరబ్ రిపబ్లిక్ ఆఫ్ ఈజిప్ట్’ అని ఉంది. కానీ ఆ దేశం ఆ పేరు పెట్టుకున్నది అదే ఏడాది సెప్టెంబర్‌లో. మే నెలలో ఇంకా ‘యునైటెడ్ అరబ్ రిపబ్లిక్’ అనే పిలిచేవారు. పేటికను 2011 అల్లర్ల సమయంలో దోచుకున్నారని దర్యాప్తులో తేలింది, 2019లో తిరిగి ఇచ్చేశారు. అంత పెద్ద సంస్థకు ఆ ముద్రను చదివే మనిషి దొరక్క కాదు. వస్తువు మీద మనసు పడ్డాక కాగితాన్ని అనుమానంగా చూడబుద్ధి కాదు. అందుకే కొందామని పట్టుబట్టిన క్యురేటర్‌కే తనిఖీ అప్పజెప్పకూడదని నా అభిప్రాయం.

శ్రీపురందన్ నటరాజ విగ్రహం సంగతీ ఇంతే. ఆస్ట్రేలియా నేషనల్ గ్యాలరీ 2008లో దానికి సుమారు 50 లక్షల డాలర్లు పోసింది. అది దశాబ్దాల కిందటే భారత్ దాటిందని కాగితాలు చెప్పాయి. పుదుచ్చేరి ఫ్రెంచ్ ఇన్‌స్టిట్యూట్ ఫొటోల్లో మాత్రం అదే విగ్రహం ఆ తర్వాత కూడా తమిళనాడులోని గుడిలోనే ఉంది. 2014లో వెనక్కి వచ్చింది. ఇక్కడ నేర్చుకోవాల్సిన మెళకువ ఏమిటంటే, అమ్మేవాడి ఫైలు బయట ఉన్న ఆధారాన్ని కనీసం ఒక్కటైనా మనమే వెతకాలి: ఫొటో ఆర్కైవ్‌లు, ఇంటర్‌పోల్ చోరీ వస్తువుల జాబితా, ఆ దేశపు పురావస్తు శాఖకు ఒక ఉత్తరం.

ఇవన్నీ చేశాక కూడా ఖాళీ పూడకపోతే వద్దనండి. ఎందుకు వద్దన్నారో రాసి ఫైల్లో పెట్టండి. రేపు అదే వస్తువు ఇంకో మ్యూజియం గుమ్మం తొక్కితే ఆ కాగితం వాళ్ళకు పనికొస్తుంది. దొంగ సొత్తన్న అనుమానం బలంగా ఉంటే పోలీసులకు చెప్పడం తప్పదు.

అభ్యాసం: ఒక దాత రాతి శిల్పం ఇస్తానన్నారు. ఆధారంగా లండన్ వ్యాపారి ఇచ్చిన రసీదు చూపించారు. తేదీ 1969 మార్చి, ధర 45.50 పౌన్లు, కొన్నవారు ‘మా కుటుంబం’. ఆ తర్వాత 2015 దాకా ఇంకే కాగితమూ లేదు. గీత గీసి, ఖాళీలు గుర్తించి, దాతను అడగాల్సిన మూడు ప్రశ్నలు రాయండి. మొదటి చిక్కు ధర దగ్గరే ఉంది. బ్రిటన్‌లో అప్పట్లో డబ్బును ఎలా లెక్కపెట్టేవారో చూడండి. జవాబు వచ్చే పాఠం మొదట్లో ఇస్తాను.