రైస్ మిల్లుల సర్వేకి బయల్దేరే ముందు నిక్ కోడ్ జాగ్రత్తలు

ఒడిశాలోని పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ వైపు ప్రాజెక్టు పనికి దిగుతున్న పిల్లలకి ఈ నాలుగు మాటలు. నిక్ అంటే ఏ వ్యాపారం ఏ రకమో అంకెల్లో చెప్పే జాతీయ పారిశ్రామిక వర్గీకరణ జాబితా.

ముందు జాబితా ఏ సంవత్సరానిదో చూడండి. 2004 నిక్‌లో 10 అంటే బొగ్గు గనులు, 2008లో అదే 10 ఆహార పదార్థాల తయారీ. రెండూ కలిపేస్తే మిల్లులు గనుల లెక్కలోకి పోతాయి, పనంతా మళ్లీ మొదటికొస్తుంది.

2008 జాబితాలో ఐదంకెల దాకా వెళ్లండి. 1061 దగ్గరే ఆగితే పిండి మిల్లు (10611), రైస్ మిల్లు (10612), పప్పు మిల్లు (10613) ఒకే కుప్ప.

బిల్లు మీద కనిపించే 1006 నిక్ కోడ్ కాదు, హెచ్ఎస్ఎన్ (పన్ను కోసం సరుకులకిచ్చే కోడ్). అది బియ్యం అనే సరుకుది, వ్యాపారానిది కాదు.

ఉద్యమ్ కాగితం (చిన్న పరిశ్రమల రిజిస్ట్రేషన్ పత్రం) ఒక్కటే చూసి కోడ్ రాయొద్దు. తాను ఆడించిన బియ్యమే అమ్మితే 10612. బయట కొన్న బస్తాలు టోకున అమ్మితే 46తో మొదలయ్యే కోడ్. గుమ్మం దగ్గర నిలబడి తెలుగులో అడగండి, విప్పి చెబుతారు.