కోతలకు ముందే ట్రాలీ లైట్లు చూసుకోండి

వానాకాలం వరి కోతలు మొదలైతే ట్రాక్టరు ఇల్లు చేరేది చీకటి పడ్డాకే. నవంబరులో ఆరు కాకముందే పొద్దు గూకుతుంది. వడ్ల లోడుతో నిదానంగా పోయే ట్రాలీకి వెనక లైటు లేకపోతే, బైకు మీద వచ్చే మనిషికి అది దగ్గరికొచ్చేదాకా కనబడదు.

అసలు వెలగని లైటు కన్నా వెలిగి ఆరే లైటుతోనే ఎక్కువ ప్రమాదం. ఇంటి ముందు స్విచ్చు వేస్తే వెలుగుతుంది, బాగుందనుకుని బయల్దేరతాం. గతుకుల్లో ఎప్పుడు ఆరిందో నడిపేవాడికి తెలియదు. అందుకని నిలబెట్టి ఒకసారి చూస్తే చాలదు. లైట్లన్నీ వేసి, ఒకరు వెనక నిలబడి చూస్తుంటే ఇంకొకరు ప్లగ్గు దగ్గర్నుంచి వైరును మూరమూరకూ కదుపుతూ రావాలి. ఎక్కడ కదిపితే మినుక్కుమందో అక్కడే విప్పి చూడండి.

నేనైతే ముందు ఎర్త్‌నే, అంటే లైటు నుంచి కరెంటు తిరిగి బ్యాటరీకి చేరే దారినే, అనుమానిస్తాను. పోయినేడు మా ట్రాలీకి రెండు బల్బులు, ఒక హోల్డరు మార్చాక గానీ అసలు సంగతి బయటపడలేదు. ఎర్త్ వైరు ఎప్పుడో తెగిపోయింది. ట్రాలీని జోడించే పిన్ను ఇనుముకు ఇనుము తగిలినంతసేపు కరెంటు అటుగా తిరిగిపోయేది, కుదుపుకు ఎడం రాగానే లైట్లు ఆరిపోయేవి. బ్రేకు తొక్కితే ఇండికేటరు కూడా మసకగా వెలిగిందంటే అదీ ఎర్త్ గుర్తే. దారి దొరకని కరెంటు పక్క బల్బులోంచి పోతుంది. బ్యాటరీ నెగెటివ్ నుంచి లైటు బాడీకి విడిగా ఒక వైరు తగిలించి చూడండి, కాంతి పెరిగితే తేలిపోయినట్టే. మల్టీమీటరు ఉంటే, ఆ విడి వైరు తీసేసి లైట్లు వెలుగుతుండగా కొలవండి, బ్యాటరీ నెగెటివ్‌కూ లైటు బాడీకీ మధ్య అర వోల్టు దాటకూడదు.

ట్రాలీని జోడించే పిన్నును నమ్ముకోకుండా ప్లగ్గు నుంచి ట్రాలీ చాసిస్‌కు విడిగా ఎర్త్ వైరు వేయించండి. ఐఎస్‌ఓ 1724 అనే అంతర్జాతీయ ప్రమాణం పద్ధతి ఏడు పిన్నుల సాకెట్‌లో ఎర్త్ మూడో నంబరు, బ్రేకు ఆరో నంబరు. వైరు రంగులను మాత్రం నమ్మొద్దు, మన దగ్గర ఒక్కో మెకానిక్ ఒక్కోలా కలిపి ఉంటాడు. బోల్టు కింద రంగు గీకి, ఇనుము మెరిశాకే బిగించి పైన గ్రీజు రాయాలి. సాకెట్‌లో పచ్చ చిలుము ఉంటే గరుకు కాగితంతో శుభ్రం చేయండి. వైరు మెలిపెట్టి టేపు చుట్టిన అతుకులు వానాకాలం తర్వాత నిలవవు, విప్పి కొత్తగా వేయించండి.

టిప్పరు ట్రాలీ అయితే డబ్బా లేచే కీలు దగ్గర వైరు నలుగుతుంది. చూడ్డానికి కిందికి దూరేముందు డబ్బాకు గట్టి ఊతం పెట్టండి. జాకీ ఒక్కదాన్నే నమ్మి దూరొద్దు, ప్రాణం పోతుంది.

ఫ్యూజు మాటిమాటికీ కాలుతుంటే పాజిటివ్ వైరు ఎక్కడో ఒరుసుకుని బాడీకి తగులుతోందని అర్థం. ఫ్యూజు బదులు రాగి తీగ చుట్టడం మన ఊళ్లలో అలవాటు. ట్రాలీలో పత్తి ఉన్నప్పుడు అది నిప్పు పెట్టుకోవడమే, దయచేసి చేయకండి.

లోడు మీద కప్పిన పట్టా లైట్ల మీదికి వేలాడకుండా కట్టండి. వెనక ఎర్ర రిఫ్లెక్టరు టేపు అంటించండి, దానికి వైరుతో పనిలేదు. పెట్టెలో 21/5 వాట్ల (బ్రేకుకు 21, వెనక లైటుకు 5) బల్బులు రెండు, సరైన ఫ్యూజులు, ఒక టార్చిలైటు ఉంచుకోండి. దారిలో లైట్లు ఆరితే రోడ్డు దిగి ఆపాకే చేయి పెట్టండి.