అడ్డంకుల నడుమ పాలిమర్ గొలుసు: కంప్యూటర్‌లో కొలిచే పద్ధతి

అడ్డంకులున్న మాధ్యమంలో పాలిమర్ (గొలుసులాంటి పొడవైన అణువు) ఎంత విచ్చుకుంటుందో చూడటానికి, ఘనాకార లాటిస్ (మూడు దిశల్లో సమంగా పేర్చిన గడుల అమరిక) మీద వెళ్లిన గడికి మళ్లీ వెళ్లని నడకను గొలుసుగా తీసుకుంటాం.

ముందు అడ్డంకులు లేకుండానే ప్రోగ్రామ్ సరిచూసుకోండి. 1, 2, 3, 4 అడుగుల నడకల సంఖ్య వరుసగా 6, 30, 150, 726 రావాలి. 2 అడుగులకు రెండు కొనల మధ్య దూరపు వర్గం సగటు సరిగ్గా 2.4. ఇవి రాకపోతే ముందుకెళ్లి లాభం లేదు.

ఇప్పుడు ఒక్కో వైపు 200 గడులున్న లాటిస్‌లో ప్రతి గడినీ 0.3116 సంభావ్యతతో తెరవండి; తెరవని గడులే అడ్డంకులు. ఇలా తయారైన ఒక్కో లాటిస్ ఒక నమూనా. పెర్కొలేషన్ హద్దు అదే, అంటే తెరిచిన గడుల దారి ఒక అంచు నుంచి ఇంకో అంచుకు సాగడం మొదలయ్యే సంభావ్యత. హోషెన్-కోపెల్‌మన్ పద్ధతితో క్లస్టర్లు (ఒకదానికొకటి ఆనుకున్న తెరిచిన గడుల గుంపులు) గుర్తించి, ఈ అంచు నుంచి ఆ అంచుకు సాగేదాన్నే ఉంచుకోండి. అలాంటిది లేని నమూనాను పారేయండి. చిన్న క్లస్టర్‌లో మొదలుపెట్టిన గొలుసుకు పెరగడానికి చోటుండదు.

గొలుసును గ్రాస్‌బెర్గర్ 1997లో ప్రతిపాదించిన పెర్మ్ పద్ధతిలో (బలహీనమైన గొలుసులను కత్తిరిస్తూ, మంచివాటికి నకళ్లు చేస్తూ) పెంచండి. ప్రతి అడుగులో, తెరిచి ఉండి ఇంకా వెళ్లని పొరుగు గడుల సంఖ్యతో వెయిట్‌ను (సగటులో ఆ గొలుసుకిచ్చే ప్రాధాన్యాన్ని) గుణించాలి. (లాగరిథంలో దాచుకోండి, లేకపోతే అంకె పొంగిపోతుంది.) ఆ పొడవుకు అప్పటిదాకా వచ్చిన సగటు వెయిట్‌కు 3 రెట్లు దాటితే గొలుసుకు రెండు నకళ్లు చేసి వెయిట్ సగం చేయండి. మూడో వంతుకు తగ్గితే బొమ్మాబొరుసు వేసి, సగం గొలుసులను తీసేసి, మిగిలినవాటి వెయిట్ రెట్టింపు చేయండి. ఈ సగటును ప్రతి నమూనాకూ కొత్తగా మొదలుపెట్టాలి.

ఎక్కువమంది తప్పు చేసేది దూరపు వర్గానికి సగటు తీసే దగ్గరే. ఒక్కో నమూనాలో వెయిట్‌లతో సగటు తీసి, ఆ తర్వాతే నమూనాల మీద మామూలు సగటు తీయాలి. అన్ని నమూనాల వెయిట్‌లనూ ఒకేచోట పోస్తే, గొలుసుకు బాగా చోటిచ్చిన కొద్ది నమూనాలే ఫలితాన్ని శాసిస్తాయి. క్లస్టర్ ఎంపిక కూడా మానేశారనుకోండి: ఒకే పొడవున్న ఏ నడకకైనా దారంతా తెరిచి ఉండే సంభావ్యత ఒకటే కాబట్టి, అడ్డంకులు లేని జవాబే తిరిగొస్తుంది. పొడవుతో పాటు దూరం ఎంత వేగంగా పెరుగుతుందో చెప్పే ఘాతాంకం అడ్డంకులు లేనప్పుడు 0.588; హద్దు దగ్గర కూడా అదే కనిపిస్తే మొదట అనుమానించాల్సింది దీన్నే.

దూరపు వర్గం, పొడవు రెండింటి లాగరిథంలతో గీసిన గీత వాలులో సగమే ఆ ఘాతాంకం. హద్దు దగ్గర అది సుమారు 0.67. హద్దుకు బాగా పైన పొడవైన గొలుసులు మళ్లీ 0.588కే చేరతాయి. కొంచెమే పైనైతే పొట్టి గొలుసులు 0.67 వైపు, పొడవువి 0.588 వైపు లాగుతాయి కాబట్టి అంతటికీ ఒకే గీత అతికించకండి.

దోషపు అంచనాకు లెక్కించాల్సింది నమూనాలను, గొలుసులను కాదు. ఒకే నమూనాలోని నకళ్లు ఒకదానికొకటి స్వతంత్రం కావు.