కానుక కవరు కంటే ముందు కూలి లెక్క

దీనమనస్సు గురించి చిత్తూరు, తిరుపతి క్రైస్తవ సంఘాల్లో వాక్యం బాగానే వింటుంటాం. సోమవారం నుంచి దాన్ని ఎలా ఆచరించాలో మాత్రం ఎవరూ పెద్దగా చెప్పరు. నన్నడిగితే డబ్బు దగ్గర మొదలుపెట్టాలి.

శనివారం సాయంత్రం కాగితం మీద మీరు ఎవరెవరికి బాకీ ఉన్నారో రాయండి. బ్యాంకు లోన్ వదిలేయండి, దానికి వాళ్లే ఫోన్ చేస్తారు. అడగడానికి మొహమాటపడేవాళ్లను రాయండి: ఇంట్లో పనికొచ్చే ఆమె, తోటలో తోతాపురి మామిడికాయలు కోసిన కూలీలు, "గుజ్జు ఫ్యాక్టరీ వాళ్లు డబ్బులు వేశాక ఇస్తాలే" అని మీరు పంపించేసిన ట్రాక్టర్ డ్రైవర్. ఫ్యాక్టరీ నుంచి డబ్బు ఆలస్యమైతే రైతుకు కష్టమే, కాదనను, కానీ కూలివాడి కూలి తెల్లవారేదాకా మీ దగ్గర ఉంచుకోవద్దని చెప్పే బైబిల్ వచనం లేవీయకాండం 19:13లో మీకు రావాల్సింది వచ్చాకే ఇవ్వమనే షరతు లేదు. ద్వితీయోపదేశకాండం 24:15 అయితే పొద్దు గుంకకముందే ఇచ్చేయమంటుంది, అతను పేదవాడు, దాని మీదే ఆశ పెట్టుకున్నాడు కాబట్టి.

మొత్తం ఇవ్వలేకపోతే ఉన్నంత ఆరోజే ఇచ్చి, మిగతాదానికి తేదీ చెప్పండి. వాళ్లను మీ గేటు దగ్గర నిలబెట్టకుండా మీరే వెళ్లండి, లేదంటే ఫోన్‌పే చేయండి. తర్వాత దీన్ని సంఘం ముందు సాక్ష్యంగా చెప్పుకోవద్దు, అది వాళ్ల డబ్బే కదా! లెక్కలో మోసం జరిగి ఉంటే పన్నులు వసూలు చేసే జక్కయ్య నాలుగంతలు తిరిగిస్తానన్నాడు (లూకా 19:8), మనం కనీసం అసలన్నా ఎగ్గొట్టకుండా ఉందాం. ఎవరితోనైనా మాట పట్టింపు ఉన్నా ఇంతే, కానుకను బలిపీఠం దగ్గరే వదిలి ముందు వెళ్లి సమాధానపడమని మత్తయి 5లో ఉంది.

ఆదివారం చూసుకోవాల్సింది కుర్చీలు. బంగారు ఉంగరం పెట్టుకున్నాయనకు మంచి చోటు, మాసిన బట్టలవాడికి కింద చోటు ఇవ్వడాన్ని యాకోబు 2వ అధ్యాయం నేరుగా తప్పుపడుతుంది. మా సంఘంలో కులం లేదనేవాళ్లు, తాము ఎవరింట్లో భోంచేస్తారో, ఎవరింట్లో ప్రార్థన చేసి టీ కూడా తాగకుండా వచ్చేస్తారో ఒకసారి గుర్తు చేసుకోండి.

సంఘమే బాకీ పడితే? షామియానా అతనికి, మైక్‌సెట్ అబ్బాయికి పోయిన కన్వెన్షన్ (సంఘం పెట్టే పెద్ద సభలు) డబ్బులు అందాయో లేదో కమిటీలో అడగండి. పాస్టర్ గారికి కాస్త టెన్షన్ వస్తుంది, పెద్దలు ముఖం చిట్లిస్తారు. అయినా గొంతు పెంచకుండా, ఈసారి కరపత్రాలు అచ్చుకిచ్చే ముందు పాత బిల్లు కట్టేద్దామని చెప్పండి.