గాలి రాకముందే, ఇన్‌స్పెక్టరు రాకముందే

ఒడిశా బరంపురంలో వైరింగు పని చేసే మా అందరికీ అక్టోబరు రెండో వారం అంటే దడ. 2013లో ఫైలిన్ తుఫాను గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది 12వ తేదీ రాత్రి, సరిగ్గా దుర్గాష్టమి నాడు. మరుసటి ఏడు అదే 12న హుద్‌హుద్ విశాఖని కొట్టి, మిగిలిన ఊపంతా కొరాపుట్ కొండల మీద చూపించింది. 2018లో తిత్లీ ఒకరోజు ముందే, 11న వచ్చి గజపతి జిల్లాని అతలాకుతలం చేసింది. అందుకని నేను ఏటా ఎండల్లోనే పనుల చిట్టా రాసుకుంటాను. రైస్ మిల్లుల వాళ్ళు, పూజా కమిటీల వాళ్ళు, ఇచ్ఛాపురం నుంచి పనికొచ్చే కుర్రాళ్ళు అడుగుతుంటారు కాబట్టి ఈసారి కాస్త వివరంగా రాస్తున్నాను.

ముందు ఒక గందరగోళం తీర్చాలి. కరెంటు ఇచ్చేవాళ్ళూ భద్రత చూసేవాళ్ళూ ఒకటే అనుకుంటారు మనవాళ్ళు. కాదు. గంజాం, గజపతి, రాయగడ, కొరాపుట్ వైపు లైను నడిపేది పంపిణీ కంపెనీ టీపీఎస్‌ఓడీఎల్. 2021 జనవరి 1న పాత కంపెనీ సౌత్‌కో చేతిలోంచి తీసుకుంది. అందులో 51 శాతం టాటా పవర్‌ది, 49 శాతం రాష్ట్రానిది. మీ మిల్లు ట్రాన్స్‌ఫార్మరు ఛార్జి చెయ్యొచ్చో లేదో, అంటే కరెంటు ఎక్కించొచ్చో లేదో, చూసేది మాత్రం ఇంధన శాఖ కింద ఉండే ఎలక్ట్రికల్ ఇన్‌స్పెక్టరేటు. 2003 విద్యుత్ చట్టం 162వ సెక్షను కింద నియమించే అధికారులు వాళ్ళు. ఇక వైరు పట్టుకునేవాడికి పర్మిట్టు, పని చేయించేవాడికి సూపర్‌వైజరు సర్టిఫికెట్టు, పని ఒప్పుకునేవాడికి కాంట్రాక్టరు లైసెన్సు ఇచ్చేది లైసెన్సింగ్ బోర్డు.

ఇన్‌స్పెక్టరేటు ఆఫీసుకి ఏడాది ఉగాదితో కాదు, ఏప్రిల్ 1తో మొదలవుతుంది. కొత్త హైటెన్షన్ కనెక్షన్లు ఛార్జి చేసేముందు చూడాలి. పాతవాటిని ఐదేళ్ళు మించకుండా ఒకసారి తనిఖీ చెయ్యాలి. దీనికి తోడు కరెంటు డ్యూటీ (వాడకం మీద పన్ను) వసూలు కూడా వాళ్ళ నెత్తినే ఉంది, కనుక మార్చి అంతా ధ్యాస దానిమీదే. ఇవన్నీ పట్టికలో రాసుకోగలిగినవి. రాసుకోలేనిది ప్రమాదం. ఎక్కడో ఒక మనిషి కరెంటు తగిలి పోయాడంటే ఆ వారం పట్టిక అంతా పక్కకి పోతుంది, విచారణకి వెళ్ళాల్సిందే. మన దగ్గర ఆ కబుర్లు ఎక్కువ వచ్చేది వానాకాలంలోనే. తనిఖీ కోసం మీరు ఆగస్టులో అర్జీ పెట్టి, సెప్టెంబరులో ఎందుకు రాలేదని విసుక్కుంటే లాభం లేదు.

నన్నెవరూ అడగరు గానీ, ఆ పట్టిక నా చేతికిస్తే సముద్రం వైపు ఐసు ఫ్యాక్టరీలు, రొయ్యల చెరువులు, మిల్లులు అన్నీ ఏప్రిల్, మే నెలల్లో ముగించేస్తాను. కొండ ఊళ్ళు డిసెంబరు నుంచి ఫిబ్రవరి వరకు. జూలై నుంచి అక్టోబరు దాకా సగం రోజులు ఖాళీగా వదిలేస్తాను, ప్రమాదాలకీ పందిళ్ళకీ. మన వైపు నుంచి చెయ్యాల్సింది ఏమిటంటే, కాగితాల పని చలికాలంలో తేల్చుకోవాలి, చేతిపని ఎండాకాలంలో. లైసెన్సు రెన్యువలుకి నేను మూడు నెలల ముందే పెడతాను. ఎంత ఓల్టేజి వరకు ఇన్‌స్పెక్టరు తనిఖీ బదులు సొంత ధ్రువీకరణ సరిపోతుందో ప్రభుత్వం నోటిఫై చేస్తుంది, ఆ లోపు ఉన్నవాళ్ళు ఛార్టర్డ్ ఎలక్ట్రికల్ సేఫ్టీ ఇంజనీరుతో పరీక్షలు చేయించుకోవచ్చు. కానీ ఆ సంతకాన్ని జిరాక్సు కాగితంలా కొనుక్కునేవాళ్ళని చూశాను. వాళ్ళ మిల్లులో మాత్రం నేను చెప్పులు విప్పను.

సరిహద్దు కుర్రాళ్ళకి ఒక మాట. "అన్నా, నాకు ఆంధ్రా పర్మిట్టు ఉంది కదా, బాహుదా దాటితే పని మర్చిపోతానా?" అని అడిగాడొకడు. మర్చిపోవు తమ్ముడూ, కానీ నిబంధన ప్రకారం పర్మిట్టు ఆ రాష్ట్రం ఇచ్చిందైనా అయ్యుండాలి, ఆ రాష్ట్రం గుర్తించిందైనా అయ్యుండాలి. గుర్తింపు కాగితం లేకుండా గిరిసోలా ఇవతల పని చేసి, రేపు ఏదైనా జరిగితే మొదటి ప్రశ్న నీకే వస్తుంది. పని ఒప్పుకున్న కాంట్రాక్టరుకి రెండోది. పని మొదలయ్యే ముందే బోర్డుకి రాసి తేల్చుకో.

ఇక అసలు పని. ఎర్త్ పిట్టు, అంటే లీకైన కరెంటు నేలలోకి పోయే గుంట, దాని మూత ఎండాకాలంలోనే తియ్యాలి. రెండేళ్ళ కిందట మే నెలలో పర్లాకిమిడి వైపు ఒక మిల్లుకి వెళ్ళాను. ఓనరు గారు కుర్చీలోంచి లేవకుండానే, "ఇన్‌స్పెక్టరు గారు మొన్న వానల్లోనే చూసి వెళ్ళారు మేస్త్రీ, రెండు ఓములు వచ్చింది, రాసుకున్నారు కూడా" అన్నారు. మూత ఎత్తితే లోపల ఊక, బీడీ ముక్కలు, ఎండిపోయిన ఒక బల్లి. జీఐ (జింకు పూత ఇనప) పట్టీ బోల్టు మీద స్పానరు పెట్టగానే నట్టు తుప్పుగా రాలి చేతిలోకి వచ్చింది. టెస్టరు పెట్టి కొలిస్తే 17 ఓములు. ఈ అంకె ఎంత తక్కువైతే అంత మంచిది. ఇంతలో గుమస్తా రెండు బకెట్ల నీళ్ళతో పరుగున వచ్చాడు, పొయ్యమంటారా అని. వద్దన్నాను. నీళ్ళు పోస్తే అంకె తగ్గుతుంది, అది నాకూ తెలుసు, అతనికీ తెలుసు.

ఆ 17 సంగతి లెక్క వేసి చూపించాను. మోటారు బాడీకి ఫేజు తగిలిందనుకోండి. 230 ఓల్టుల్ని 17తో భాగిస్తే పదమూడున్నర ఆంపియర్లు. ఆ లైను మీద ఉన్నది 32 ఆంప్స్ ఎంసీబీ, కరెంటు మితిమీరితే తనే పడే స్విచ్చి. ఇంత తక్కువకి అది పడదు. బాడీ మీద కరెంటు అలాగే కూర్చుని, తడికాళ్ళతో వచ్చే హమాలీ కోసం చూస్తుంది. నిబంధనల్లో పొడి కాలంలో పొడి రోజున కొలవమన్నది ఇందుకే. కొత్త పిట్టు తవ్వి, ట్రాన్స్‌ఫార్మరు న్యూట్రలుకి రెండు వేర్వేరు ఎర్తులు ఇచ్చాం. లైట్లకీ ప్లగ్గులకీ, కరెంటు లీకైతే ఆపేసే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ పెట్టాం. దాని టెస్టు బటను నెలకోసారి నొక్కమని చెప్పాను. నొక్కుతున్నారో లేదో ఆ దేవుడికే తెలియాలి. వైరింగుకి మెగ్గరు (వైరు తొడుగు బాగుందో లేదో కొలిచే మీటరు) పెట్టడానికి మాత్రం విశ్వకర్మ పూజని మించిన రోజు లేదు. మిషన్లన్నీ ఆగి ఉంటాయి, పసుపు కుంకుమల కంటే ముందు ఒక గంట నాకివ్వండి. 500 ఓల్టులతో ఒక నిమిషం పెట్టి చూస్తే ఒక మెగాఓముకి తగ్గకూడదు.

పందిళ్ళ దగ్గర నా గొడవ ఎప్పుడూ ఒక్కటే, మెయిన్ స్విచ్చి. విగ్రహం వెనక గదిలో పెట్టి తాళం వేస్తారు, తాళంచెవి కమిటీ సెక్రటరీ జేబులో, ఆయన ఇంట్లో భోజనం చేస్తూ. మెయిను ఎదుట ఉండాలి, దాని దగ్గర రాత్రంతా ఒక మనిషి ఉండాలి. ఇనప పైపులతో కట్టిన పందిరికి ఎర్తు తప్పనిసరి. జాయింట్లు నేలకి ఆనకూడదు, టేపు చుట్టి మట్టిలో పూడ్చడం అసలే వద్దు. స్తంభం మీంచి కొక్కెం వేసే మాటే ఎత్తొద్దు, తాత్కాలిక కనెక్షన్‌కి అర్జీ పెడితే ఇస్తారు. రెండేళ్ళకోసారి వచ్చే మా ఊరి అమ్మవారి జాతర, బూఢీ ఠాకురాణి యాత్రకైతే చైత్రంలో సాయంత్రం ఈదురుగాలులు ఉంటాయి, తోరణాలు వేలాడేసే తీగ మీదే వైరు కట్టకండి. విడిగా కట్టండి.

ఊరేగింపులకి ఎత్తు కొలుచుకోవాలి. రోడ్డుకి అడ్డంగా వెళ్ళే 11 కేవీ (11,000 ఓల్టుల) తీగ నేలకి కనీసం 6.1 మీటర్ల ఎత్తులో ఉండాలని లెక్క. కానీ వేసవిలో తీగ వేలాడుతుంది, రోడ్డేమో ఏటా మందమవుతుంది. 2020 ఫిబ్రవరిలో గొలంతరా దగ్గర నిశ్చితార్థానికి వెళ్తున్న బస్సు 11 కేవీ తీగకి తగిలి ఎంతమంది పోయారో మన జిల్లాలో మర్చిపోయినవాళ్ళు లేరు. మేడ మీద ఇనప చువ్వలు ఎత్తేటప్పుడూ అంతే, ఆ తీగకి పక్కన 1.2 మీటర్లు, పైకి 3.7 మీటర్లు వదలాలి.

తుఫాను వెళ్ళిపోయాక మొదలయ్యే ప్రమాదం గురించే నాకు ఎక్కువ భయం. ఫైలిన్ తరవాత వీధికో జనరేటరు దిగింది. రెండు పక్కలా మగ ప్లగ్గు ఉన్న వైరుతో దాన్ని ఇంటి సాకెట్లోకి గుచ్చేస్తారు, మెయిను దించడం మర్చిపోతారు. ఆ కరెంటు ఇంట్లోంచి సర్వీసు వైరులోకి, అక్కణ్ణించి ట్రాన్స్‌ఫార్మరుకి వెనక్కి నడుస్తుంది. ట్రాన్స్‌ఫార్మరుకి ముందూ వెనకా తెలీదు, 415 ఓల్టులు ఇస్తే అటు 11,000 చేసి పెడుతుంది. సబ్‌స్టేషన్లో లైన్ క్లియర్ (కరెంటు ఆపామన్న కాగితం) తీసుకుని, ధైర్యంగా స్తంభమెక్కిన లైన్‌మన్ చేతికి అది తగులుతుంది. మీ ఫ్రిజ్‌లో పాలు విరక్కుండా ఉండటానికి. లైనుకో జనరేటరుకో ఒక్కదానికే కలిపే చేంజోవర్ స్విచ్చి ఒక్కటి పెట్టించండి, న్యూట్రలు కూడా విడిపోయేది. కుర్రాళ్ళూ, మీరు కూడా లైన్ క్లియర్ కాగితాన్ని నమ్మి తీగ పట్టుకోకండి. పని చేసే చోటుకి రెండు వైపులా తీగని నేలకి కలిపే ఎర్తు రాడ్లు తగిలించాకే చెయ్యి వెయ్యండి.

ప్రమాదం జరిగితే దాచొద్దు. 2005 నాటి నిబంధనల ప్రకారం ప్రాణం పోతే తెలిసిన 24 గంటల్లో ఇన్‌స్పెక్టరుకి కబురు వెళ్ళాలి, ఏ ప్రమాదమైనా 48 గంటల్లో రాతపూర్వకంగా నివేదిక. కరెంటు ఆపి మనిషిని కాపాడటం మొదటి పని. అది తప్ప, తెగిన వైరునీ కాలిన స్విచ్చినీ ఇన్‌స్పెక్టరు చూసేదాకా కదపకండి. తెగిపడిన తీగ కనిపిస్తే దూరంగా నిలబడి, దారిన పోయేవాళ్ళని ఆపుతూ 1912కి ఫోను కొట్టండి. ఆ అంకెని మెయిను బోర్డు తలుపు లోపలి వైపు పెయింటుతో రాయించండి. కాగితం అంటిస్తే మొదటి వానకే ఊడిపోతుంది.