చూపు లేనివారికి కంప్యూటర్ నేర్పడం ఎలా? ఎన్‌వీడీఏతో మొదటి మెట్లు

చూపు లేనివారు కంప్యూటర్ వాడాలంటే తెర మీద ఉన్నదాన్ని చదివి వినిపించే స్క్రీన్ రీడర్ కావాలి. విండోస్ అయితే నేను చెప్పేది ఎన్‌వీడీఏ. 2006లో ఆస్ట్రేలియాలో మైకేల్ కరన్ దీన్ని మొదలుపెట్టారు. ఆయనకూ చూపు లేదు. నేటికీ ఇది ఉచితమే. మీ ఇంట్లో ఒకరికి మీరే నేర్పబోతున్నారనుకుని రాస్తున్నాను. ముందుగా మౌస్ తీసి పక్కన పెట్టేయండి. అది చేతికందితే వాళ్ల పని మీరే చేసేస్తారు.

1. దీన్ని తయారుచేసే ఎన్‌వీ యాక్సెస్ సంస్థ వెబ్‌సైట్ నుంచి ఎన్‌వీడీఏ దించుకోండి. ఫైలు తెరవగానే అదే మాట్లాడుతుంది కాబట్టి ఇన్‌స్టాల్ చేసే పని నేర్చుకునేవారికే వదిలేయండి. తర్వాత ఎప్పుడు తెరవాలన్నా కంట్రోల్, ఆల్ట్, ఎన్ కలిపి నొక్కితే చాలు.

2. ఇన్‌సర్ట్‌ని ఎన్‌వీడీఏ కీ అంటారు. ల్యాప్‌టాప్‌లో అది ఏ మూలనో ఉంటుంది, అందుకే మొదట వచ్చే స్వాగతం పెట్టెలో క్యాప్స్ లాక్‌ని కూడా ఎంచుకోండి.

3. ఎన్‌వీడీఏ కీ, కంట్రోల్, వి కలిపి నొక్కి, తెరుచుకునే సెట్టింగుల్లో మాట వేగం బాగా తగ్గించండి. అలవాటైనవాళ్లు వినే వేగం కొత్త చెవికి గందరగోళమే. ఇందులోని ఈస్పీక్ అనే గొంతు తెలుగు కూడా చదువుతుంది, వినడానికి మాత్రం యంత్రంలా ఉంటుంది.

4. ఎన్‌వీడీఏ కీతో 1 నొక్కండి. ఇక ఏ మీట నొక్కినా దాని పేరు వినిపిస్తుందే తప్ప ఏ పనీ జరగదు, ఏదో చెడిపోతుందన్న భయం ఉండదు. చూపుడువేళ్లను ఎఫ్, జె మీటల మీది చిన్న గీతలపై ఆనించి, అక్కడి నుంచి అటూ ఇటూ తడమనివ్వండి. అన్నిటికంటే ఎక్కువ సమయం ఇవ్వాల్సింది ఇక్కడే. వేళ్లకు దారి తెలియకుండా ఇంటర్నెట్‌లోకి తీసుకెళ్తే విసుగొచ్చి మానేస్తారు. మళ్లీ ఎన్‌వీడీఏ కీతో 1 నొక్కితే మామూలు స్థితికి వస్తుంది.

5. ఇప్పుడు ఏదైనా వార్తల పేజీ తెరవండి. హెచ్ నొక్కితే తర్వాతి శీర్షికకు, కె నొక్కితే తర్వాతి లింకుకు వెళ్తుంది. పేజీ అంతా వినక్కర్లేదు. మనం కళ్లతో శీర్షికలు చూసుకుంటూ పోయినట్టే వాళ్లూ హెచ్‌తో వెళ్తారు. చదవడం ఆపాలంటే కంట్రోల్ నొక్కాలి. దీన్ని మొదటి రోజే నేర్పండి.

ఒక్కోసారి పీడీఎఫ్ తెరిస్తే ఏమీ వినిపించదు. అది స్కాన్ చేసిన కాగితమైతే లోపల ఉన్నది బొమ్మే, అక్షరాలు కావు. అప్పుడు ఎన్‌వీడీఏ కీతో ఆర్ నొక్కితే విండోస్‌లోని ఓసీఆర్ ఆ అక్షరాలను గుర్తుపట్టి చదువుతుంది. ఓసీఆర్‌కు వచ్చే భాషైతేనే ఇది పనిచేస్తుంది, ఆ భాషను ముందే విండోస్‌లో చేర్చి ఉండాలి.